లాభం, రెండు, మూడు...

మా ఆవిడ తలపిన్నులు నెలకొకటి చొప్పున మాయమైపోతున్నాయి. ముందు మా అమ్మాయిని అనుమానించింది. తరువాత బట్టలుతికే యంత్రాన్ని అనుమానించింది. చివరికి ఒక ఆదివారంనాడు కాఫీ గ్లాసు పట్టుకుని గరాజు దగ్గరకు వచ్చి, నా కుడిచేతిలో కొన వంచిన తలపిన్నూ, ఎడమచేతిలో ఇత్తడి తూటా డొల్లా చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టానండోయ్!" అన్నది.

కాఫీ ఇవ్వడానికి లోపలికి రాబోతే నేను వారించాను. ఆ గదిలోకి తినేదీ తాగేదీ ఏదీ రాకూడదని నియమం. ఆ నియమం యెందుకో, ఆ తలపిన్ను యెందుకో చెప్పడమే ఈ వారం నా పని.

నేనుండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాసుకు గంట ప్రయాణం దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో. మన పల్లెల్లో సెలవునాడు గాలం పట్టుకుని చెరువుగట్టుకు పోయినట్టుగా, ఇక్కడ చాలామంది రైఫిలు పట్టుకుని కాల్పుల మైదానానికి పోతారు. నేనూ పోతాను. "చీమను తొక్కితే బాధపడేవాడివి, నీకు తుపాకీ యెందుకురా?" అని మా అక్కయ్య తెనాలినుంచి ఫోను చేసినప్పుడల్లా దెప్పుతూనే ఉంటుంది. నేను కాల్చేది కాగితాన్ని. నూరు గజాల అవతల నల్లటి వలయాలు గీసిన కాగితం ఉంటుంది. దాని నడిబొడ్డున అయిదు చిల్లులు ఒకదానిమీద ఒకటి పడేట్టు కాల్చగలిగితే ఆ పూట నాకు భోజనం అక్కరలేదు.

అలా కాల్చేవాళ్ళలో కొందరు కాల్చిన తూటా డొల్లలను పారవెయ్యరు. జాగ్రత్తగా ఏరి తెచ్చి, ఇంట్లో తిరిగి నింపుకుంటారు. ఇది ఎలా నేర్చుకోవాలో వ్రాయమని ఇక్కడి మన కుర్రవాళ్ళు కొందరు అడుగుతున్నారు. వ్రాస్తాను. అయితే వంటకు ముందు పొయ్యి చూసుకోవాలి గదా. చట్టం సంగతి ముందు చెబుతాను.

మన దేశంలో ఉన్నవారు దీన్ని చదివి ఆనందించవలసిందే గాని చేతులు పెట్టరాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చెయ్యడం నేరం. అమెరికాలో మాత్రం సొంత వాడకానికి నింపుకునేందుకు కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు అక్కరలేదు. నింపి అమ్మాలంటే కావాలి. కాని ఇక్కడ మనవాళ్ళు తెలియక బోర్లా పడే గొయ్యి ఒకటున్నది. చదువు వీసామీదనో, ఉద్యోగపు వీసామీదనో ఉన్నవారు, వేటాడే లైసెన్సు పొందడంవంటి కొన్ని మినహాయింపుల్లోకి వస్తే తప్ప, తుపాకీనే కాదు, ఒక్క తూటానైనా దగ్గర ఉంచుకోవడం ఇక్కడి చట్టరీత్యా నేరం. స్నేహితుడు ముచ్చటపడి జేబులో వేసినా నేరమే. కాబట్టి అబ్బాయీ, ముందు నీ కాగితాలు చూసుకో. ఆ తరువాత ప్రెస్సు కొనుక్కో.

*

తూటా అంటే మనం మాటవరుసకు "గుండు" అనేస్తాం. నిజానికి అందులో భాగాలు నాలుగు. చివర బయటికి పొడుచుకు వచ్చేది గుండు. దాన్ని పట్టుకుని ఉండే ఇత్తడి బుడ్డి డొల్ల. దాని కడుపులో ఉండేది మందు. అడుగున చిన్న గిన్నెలాగా బిగించి ఉండేది ప్రైమరు. రైఫిలు మీట నొక్కితే ఒక సూది వెళ్ళి ప్రైమరును పొడుస్తుంది. అది నిప్పు చిమ్ముతుంది. మందు అంటుకుని వాయువవుతుంది. ఆ వాయువు గుండును తోస్తుంది. కాల్చాక పోయేవి మూడు, మిగిలేది ఒకటి. ఆ మిగిలిన ఇత్తడి డొల్లే నాలుగింటిలోకీ ఖరీదైనది. డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు తుత్తునాగం కలిపిన లోహమది. నాలుగైదుసార్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా, తిరిగి పనికి వస్తుంది.

1857లో మన సిపాయీలు పళ్ళతో కొరకమంటే కొరకమన్న తూటా ఇలాంటిది కాదు. అది కాగితపు పొట్లం. చింపి మందు గొట్టంలో పోసుకునేవారు. ఇత్తడి డొల్లలో అన్నీ ఇమిడిన తూటా ఆ తరువాతే బాగా వాడుకలోకి వచ్చింది. ఇందులో ఒక వింత ఉన్నది. 1860లలో ఎడ్వర్డ్ బాక్సర్ అనే ఇంగ్లీషాయనా, హైరం బెర్డన్ అనే అమెరికా ఆయనా చెరొక రకం ప్రైమరు కనిపెట్టారు. ఇంగ్లీషాయనది అమెరికాలో స్థిరపడింది. అమెరికా ఆయనది ఐరోపాలో స్థిరపడింది. కొత్తగా నేర్చుకునేవారికి ఈ కథ ఊరికే చెప్పడం లేదు. బాక్సరు రకం డొల్లకు అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం ఉంటుంది. పాత ప్రైమరును ఆ రంధ్రంలోనుంచి సూదితో పొడిచి ఊడబెరకవచ్చు. బెర్డను రకానికి నడుమ రంధ్రం ఉండదు. పక్కలకు సాధారణంగా రెండుంటాయి. దానిలో సూది దింపితే విరిగేది సూదే. అందుచేత డొల్ల చేతికి రాగానే టార్చిలైటు వేసి లోపలికి చూడండి. నడుమ ఒక్క చుక్క కనిపిస్తేనే సంచిలో వేసుకోండి.

ఈ నింపుకునే విద్య ఇక్కడ ఇంటింటి విద్య కావడానికి కారణం కరువు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తూటాలూ గుళ్ళూ బజారులో దొరకలేదు. అప్పుడు కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన, కాల్చి పారేసిన చిన్న పాయింట్ 22 తూటాల డొల్లలనే గుళ్ళకు పైతొడుగులుగా మార్చే అచ్చులు చేశాడు. యుద్ధం ముగిశాక కాన్సస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన సైన్యం దగ్గర మిగిలిపోయిన మందును కొని చిల్లరగా అమ్మాడు. నెబ్రాస్కాలో జాయిస్ హోర్నడీ 1949లో గుళ్ళ కర్మాగారం పెట్టాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు మళ్ళీ దుకాణాల్లో తూటాల అరలు ఖాళీ అయ్యాయి. నేను ఈ విద్యలో దిగింది ఆ యేడే.

ఆదా అవుతుందని మొదలుపెట్టాను. ఆదా ఏమీ కాలేదు. ఒక్కొక్క తూటా చవకగా పడిన మాట నిజమే. చవకగా పడింది గదా అని రెండింతలు కాలుస్తున్నాను. ఈ లెక్క మా ఆవిడ దగ్గర ఎత్తకండి.

*

నాకు గురువు మా పొరుగింటి పెద్దాయన. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. ఎనభై దాటినా చెయ్యి వణకదు. నేను ప్రెస్సు కొంటానంటే "ఆగు, ముందు పుస్తకం కొను" అన్నాడు. మందూ గుళ్ళూ తయారుచేసే కంపెనీలు ఏ గుండుకు ఏ మందు ఎంత వెయ్యాలో పరీక్షించి అచ్చువేసే పుస్తకాలున్నాయి. అటువంటివి ఒకటి కాదు, రెండు కొనిపించాడు. ఒకదానితో ఒకటి పోల్చి చూసుకొమ్మన్నాడు. నోటిమాటగా ఎవరు ఏ తూకం చెప్పినా, చివరికి తాను చెప్పినా సరే, పుస్తకంలో చూడనిదే వెయ్యరాదన్నాడు. పుస్తకంలో కనిష్ఠం, గరిష్ఠం అని రెండు తూకాలుంటాయి. మొదలుపెట్టవలసింది కనిష్ఠంతో. పైకి పోతే కొంచెం కొంచెంగా పోవాలి. కాల్చాక ప్రైమరు చపాతీలాగా అణిగిపోయినా, బోల్టు ఎత్తడానికి బిగువైనా, అక్కడ ఆగి వెనక్కి రావాలి.

ఇంత పట్టింపు యెందుకని నేనూ అనుకున్నాను. ఆయన ఒక లెక్క చెప్పాడు. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి ముప్పై రెండో, ముప్పై అయిదో పౌనులుంటుంది. నా రైఫిలు పాయింట్ 308 రకం. మన పోలీసువారి పాత త్రీ-నాట్-త్రీకి దూరపు చుట్టమనుకోండి. దానికి అనుమతించిన ఒత్తిడి 62,000 పౌనులు. "అది నీ చెంపకు అరచెయ్యి దూరంలో జరుగుతుంది" అన్నాడు పెద్దాయన. ఆ మాట తరువాత నేను వాదించలేదు.

ప్రెస్సు కూడా ఒకసారికి ఒకే పని చేసే సాదా రకం కొనిపించాడు. మీట లాగినప్పుడల్లా ఒక తూటా తయారై పడే యంత్రాలున్నాయి. "అయిదు పనులు ఒక్కసారి జరిగితే అయిదు తప్పులు ఒక్కసారి జరుగుతాయి. ఒక్కొక్క తప్పే చెయ్యి, కనిపెట్టుకోవచ్చు" అన్నాడు.

ఇక పని క్రమం. మైదానంనుంచి తెచ్చిన డొల్లలు మసిబారి ఉంటాయి. వాటిని అక్రోటు పెంకుల పొడితో కలిపి తిరిగే డబ్బాలో వేస్తే తళతళలాడుతాయి. ఆ మసిలో సీసం ఉంటుంది. ప్రైమరులో ఉండే రసాయనంలోనూ సీసమున్నది. ఆ దుమ్ము ముక్కులోకీ, చేతులనుంచి నోట్లోకీ పోతుంది. పిల్లలకు మరీ ప్రమాదం. కాఫీ గ్లాసు గడప దాటరాదన్న నియమం ఇందుకే. డబ్బా మూత ఇంట్లో తెరవవద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పిల్లవాడి బుగ్గ తాకవద్దు.

తరువాత పరీక్ష. మూతి చీలినవి, మెడ పగిలినవి కంటికే కనిపిస్తాయి. కనిపించని జబ్బు ఒకటున్నది. కాల్చినప్పుడల్లా ఇత్తడి ముందుకు సాగుతుంది. సాగినకొద్దీ అడుగుకు కొంచెం పైన గోడ లోపలివైపు పలచబడి, చుట్టూ సన్నని గాడి పడుతుంది. ఏదో ఒకనాడు డొల్ల అక్కడ రెండు ముక్కలై, వేడి వాయువు కాల్చేవాడి ముఖంమీదికి ఎగజిమ్ముతుంది. బయట ఒక్కొక్కసారి మెరిసే గీత కనిపిస్తుంది, ఒక్కొక్కసారి కనిపించదు. అందుకే తలపిన్ను. కొన కొంచెం వంచి లోపల దింపి, గోడ వెంబడి అడుగునుంచి పైకి లాగితే, గాడి ఉన్నచోట కొన టక్కుమని తగులుకుంటుంది. తగిలిందా, ఆ డొల్ల పాత ఇత్తడి బుట్టలోకి. కాలుస్తూ ఉన్న కొద్దీ తలపిన్ను కొన అరిగిపోతుంది, కొత్తది కావలసివస్తుంది. నా నేరానికి సంజాయిషీ ఇదే.

కాల్చినప్పుడు ఉబ్బిన డొల్లను తిరిగి పాత కొలతకు నొక్కడం తరువాతి పని. ఉక్కు అచ్చులోకి డొల్లను తోయాలి. తోసే ముందు దానికి ఒక జిడ్డు పూయాలి. అరిసె ఒత్తే ఆకుకు నూనె రాయడం లాంటిదే ఇది. రాయకపోతే అంటుకుంటుంది, ఎక్కువైతే పాడవుతుంది. జిడ్డు ఎక్కువైతే డొల్ల భుజంమీద సొట్ట పడుతుంది. తక్కువైతే డొల్ల అచ్చులో బిగుసుకుని బ్రహ్మదేవుడు లాగినా రాదు. నా రెండో డొల్లే అలా బిగుసుకున్నది. దాన్ని బయటకు తీయడానికి పెద్దాయనకు సాయంత్రమంతా పట్టింది. "అందరికీ ఒకసారి అవుతుంది. నీకు తొందరగా అయింది, మంచిదే" అన్నాడు. నొక్కాక డొల్ల పొడుగు కొలిచి, పెరిగి ఉంటే మూతి కత్తిరించాలి. పొడుగైన మూతి రైఫిలు లోపల గుండును నొక్కిపట్టి ఒత్తిడి పెంచుతుంది.

ఆపైన కొత్త ప్రైమరు. అది అడుగు మట్టానికి ఒక్క వెంట్రుకవాసి లోపలికి దిగాలి. పైకి నిక్కి ఉంటే బోల్టు మూసేటప్పుడే పేలే ప్రమాదమున్నది. దీన్ని కంటితో చూస్తే చాలదు. ప్రతిదాన్నీ వేలికొసతో తడిమి చూడాలి. కళ్ళద్దాలు పెట్టుకోకుండా ప్రైమరు ముట్టుకోవద్దు.

*

ఇక మందు. ఇక్కడ నెమ్మదిగా చదవండి.

పనిబల్లమీద ఒకేసారి ఒకే మందు డబ్బా ఉండాలి. చూడటానికి అన్ని మందులూ ఆవాలో గసగసాలో మిరియపు పొడో అన్నట్టు ఒకలాగే ఉంటాయి, గుణాలు వేరు. ఒకటి నిదానంగా మండుతుంది, ఒకటి భగ్గుమంటుంది. ఒకదాని తూకం ఇంకోదానికి వేస్తే రైఫిలు ముక్కలవుతుంది. మిగిలిన మందు దాని డబ్బాలోకే తిరిగి పొయ్యాలి. పేరు తెలియని మందు ఎంత ఉన్నా పారవెయ్యవలసిందే.

తూకం గ్రెయిన్లలో. పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురివిందగింజ దాదాపు రెండు గ్రెయిన్ల ఎత్తు. మనం తూచవలసింది గ్రెయినులో పదోవంతు వరకు. అంటే గురివిందగింజను సుమారు పద్దెనిమిది ముక్కలు చేసి అందులో ఒక ముక్కను తూచడం. కంసాలి తన త్రాసును అద్దాల పెట్టెలో యెందుకు పెట్టుకుంటాడో నాకు అప్పుడర్థమయింది. ఫ్యాను తిరుగుతున్నా ముల్లు ఆగదు. పని మొదలుపెట్టే ముందు, మధ్యలో ఒకసారి, తెలిసిన తూకపురాయి వేసి త్రాసును సరిచూసుకోవాలి.

రైఫిలుకు మందును ఎంచుకునేటప్పుడు, పుస్తకం ఒప్పుకున్న వాటిలో డొల్లను ఇంచుమించు నింపేదాన్ని ఎంచుకోండి. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగిపొర్లి తానే చెబుతుంది. అయితే అసలు పొయ్యకపోతే ఏమీ చెప్పదు. నా కథ అదే.

నేను మొదలుపెట్టి మూడు నెలలయింది. నాకంతా వచ్చేసిందనుకునే దశ. యాభై గుంటలు తొలిచిన చెక్కపలకలో యాభై డొల్లలు నిలబెట్టి వరసగా మందు పోస్తున్నాను. ముప్పై పోశాను. ఫోను మోగింది. అక్కయ్య! మేనకోడలి పెళ్ళి కుదిరింది. లేచి వెళ్ళాను. కట్నకానుకలు, కల్యాణమండపం, వంటవాడు, అన్నీ మాట్లాడుకుని, ఇరవై నిమిషాల తరువాత సంతోషంగా తిరిగివచ్చి కూర్చుని, ముప్పై రెండో డొల్లలో మందు పోశాను. ముప్పై ఒకటి పోసే లేచానని నా మనసు నాకు చెప్పింది. మనసుకు మించిన అబద్ధాలకోరు లేదు. టార్చిలైటు వేసి చూడలేదు. గుళ్ళు బిగించాను. పెట్టెలో వరసగా సర్దాను.

ఆ శనివారం మా అమ్మాయి కాలేజీనుంచి ఇంటికి వచ్చింది. "నాన్నా, నువ్వు చేసిన తూటాలు నేను కాలుస్తాను" అన్నది. మైదానంలో పెద్దాయన పక్క బల్లమీద ఉన్నాడు. ముప్పై తూటాలు మేమిద్దరం చక్కగా కాల్చాం. తరువాతది మా అమ్మాయి కాల్చింది. మోతకు బదులు "టుప్" మని చిన్న చప్పుడైంది. భుజంమీద దెబ్బ లేదు. కాగితంమీద చిల్లు లేదు.

"పేలలేదమ్మా. ఇంకోటి పెట్టు" అన్నాను.

అన్నది నేనే. కన్నతండ్రిని. అమ్మాయి బోల్టు లాగి, పాతది తీసేసి, కొత్త తూటా అందుకున్నది. అప్పుడు ముడతలుపడ్డ చెయ్యి ఒకటి వచ్చి తుపాకీ తెరిచిన చోట అడ్డంగా పడింది. పెద్దాయన కేక వెయ్యలేదు. "గొట్టంలోనుంచి వెలుతురు కనిపిస్తుందేమో చూడు" అన్నాడు.

తుపాకీ ఖాళీ చేసి, బోల్టు ఊడదీసి, వెనకనుంచి చూశాను. వెలుతురు లేదు. మందు లేని తూటాలో ప్రైమరు ఒక్కటే పేలి, గుండును గొట్టంలో రెండంగుళాల లోపలికి తోసి అక్కడ వదిలేసింది. దాని వెనక నిండు తూటా ఒకటి కాల్చి ఉంటే, ఆ 62,000 పౌనుల ఒత్తిడికి దారి లేదు. గొట్టం పగిలి ఉండేది. మా అమ్మాయి చెంప ఆ రైఫిలు చెక్కకు ఆనించి ఉన్నది.

ఆమెకు అప్పుడేమీ అర్థం కాలేదు. "ఏమైంది నాన్నా?" అన్నది. నాకు నోట మాట రాలేదు.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మీట నొక్కినా చప్పుడే లేకపోతే, తుపాకీ మూతిని గురివైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. చప్పుడు నీరసంగా వస్తే అసలు మరో తూటా ముట్టుకోవద్దు. గొట్టంలో వెలుతురు చూడనిదే ఆ రోజుకు ఆట కట్టు.

*

ఆ సాయంత్రం పెద్దాయన మా గరాజుకు వచ్చాడు. మిగిలిన పందొమ్మిది తూటాలనూ ఒక్కొక్కటిగా విప్పాం. అన్నిటిలోనూ మందు సరిగానే ఉన్నది. యాభైలో ఒక్కటే తప్పు.

ఆయన నన్ను ఎందుకు చేశావని అడగలేదు. "ఎక్కడ లేచావు?" అని అడిగాడు. చెప్పాను. అప్పుడు ఖాళీ డొల్లలన్నీ పలకలో బోర్లించాడు. "పోసేటప్పుడు ఒక్కటే తిప్పు. పోశాక నిలబెట్టు. బోర్లా ఉన్నది ఖాళీ, నిలబడినది నిండు. నీకు గుర్తుండనవసరం లేదు, పలకకు గుర్తుంటుంది" అన్నాడు. అంతా అయ్యాక టార్చిలైటు వేసి యాభైలోకీ వరసగా చూడాలన్నాడు. మందు మట్టం అన్నిటిలోనూ సమంగా ఉండాలి. హెచ్చుతగ్గులుంటే కంటికి ఇట్టే తెలుస్తుంది. ఆ చూపు చూడకుండా ఒక్క గుండు కూడా బిగించకూడదు. పెట్టెమీద మందు పేరు, తూకం, గుండు, తేదీ చీటీ వ్రాసి అంటించాలి. చీటీ లేని పెట్టె విప్పి పారవెయ్యవలసిన పెట్టె.

వారం తరువాత అక్కయ్యకు ఈ సంగతి చెప్పాను. చెప్పకూడదనే అనుకున్నాను గాని దాచలేకపోయాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. "నేను ఫోను చెయ్యకపోతే బాగుండేది" అన్నది చివరికి.

"నీ తప్పేమిటే! లేచినవాణ్ణి నేను."

"ఒరే, నాన్న కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు నీకు గుర్తులేరూ?" అన్నది అక్కయ్య. "ఎవరు పలకరించినా పలికేవాళ్ళా? కుంచం పొయ్యడం, ఆ అంకె అనడం. మళ్ళీ కుంచం నిండేదాకా ఆ అంకే అంటూ ఉండటం. నువ్వు ఒకసారి మధ్యలో వెళ్ళి ఏదో అడిగితే, ఆయన రాశినంతా మళ్ళీ మొదటినుంచి కొలిచాడు. నాన్న నిన్ను కేకలేశారు, ఆయన్ను ఏమీ అనలేదు."

గుర్తుకు వచ్చింది. ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాళ్ళు. లాభం, లాభం, లాభం... రెండు, రెండు, రెండు... ఎండలో ఆ గొంతు పాటలాగా సాగేది. అది పాట కాదు, పద్దు. చదువు లేని ఆ మనిషికి తెలిసినది, ఇంజనీరింగు చదివిన నాకు తెలియలేదు. జ్ఞాపకాన్ని నమ్మేవాడు కొలవకూడదు.

ఇప్పుడు నేను మందు పోసేటప్పుడు ఫోను వంటింట్లో ఉంటుంది. తలుపుమీద ఎర్రగుడ్డ కట్టి ఉంటే మా ఆవిడ కూడా పిలవదు. నిద్ర చాలకపోయినా, ఎవరిమీదనైనా కోపంగా ఉన్నా, గ్లాసు పుచ్చుకున్నా ఆ పూట పని లేదు. తప్పనిసరిగా లేవవలసి వస్తే, చేతిలో ఉన్న డొల్లలోని మందు డబ్బాలోకి తిరిగి పోసి, డొల్ల బోర్లించి లేస్తాను. పోసినంతసేపూ పైకి అంటూనే ఉంటాను: లాభం, రెండు, మూడు...

పెద్దాయన మొన్న వచ్చి గడప దగ్గర నిలబడి విన్నాడు. ఆ మొదటి మాటకు అర్థమేమిటని అడిగాడు. చెప్పాను. బాగుందన్నాడు. ఇప్పుడు ఆయన గరాజులోనుంచి కూడా సాయంత్రంపూట "లాబమ్" అని వినిపిస్తున్నది. ఆ తరువాత అంకెలన్నీ ఇంగ్లీషులోనే.

మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు మళ్ళీ నా తూటాలే కాలుస్తున్నది. మొదటిసారి ఆమె మీట నొక్కేముందు నా గుండె ఆగినంత పనైంది. మోత నిండుగా వచ్చింది. అంత హాయిగా ఏ మోతా ఎన్నడూ నా చెవిన పడలేదు.

మా ఆవిడ సంగతా? ఈ మధ్య బజారునుంచి తలపిన్నుల అట్ట ఒకటి తెచ్చి గరాజు మేకుకు తగిలించింది. దానిమీద చీటీ అంటించి ఉన్నది: "ఇవి మీవి. నావి ముట్టుకోవద్దు." చీటీ లేని పెట్టె పనికిరాదని ఆమెకూ తెలిసిపోయింది.